రైటింగ్ సెంటర్‌కి రావాల్సిన పిల్లలే ఎందుకు రావడం లేదు?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇదీ. మీరు హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీలో ఇంగ్లీష్ చెప్తున్నారు. కిందటేడు మీ లైబ్రరీలో రైటింగ్ సెంటర్ తెరిచారు, అంటే పిల్లలు రాసుకొచ్చిన అసైన్‌మెంట్లూ థీసిస్‌లూ పక్కన కూర్చుని చూసి ట్యూటర్లు సాయం చేసే గది. క్యాంపస్‌లో తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు, ఉర్దూ మీడియం వాళ్లు, ఏజెన్సీ ప్రాంతాల పిల్లలు, కేరళ, ఒడిశా, మణిపూర్ వాళ్లు, యెమెన్, సూడాన్ లాంటి దేశాల వాళ్లు అందరూ ఉన్నారు. సెంటర్‌కి మాత్రం ముందే ఇంగ్లీష్ బాగా వచ్చినవాళ్లే వస్తున్నారు. మిగతావాళ్లు గుమ్మం దాకా వచ్చి తొంగిచూసి వెళ్లిపోతున్నారు. వాళ్లకి ఇది మన చోటే అనిపించాలంటే ఏం చేయాలి, అసలు గ్రామర్ దిద్దిపెట్టొచ్చా కూడదా అని అడిగారు.

నేను ఇదే ఊళ్లో చాలా ఏళ్లు ఒక యూనివర్సిటీ రైటింగ్ సెంటర్ నడిపాను. ఇప్పుడు కొత్తగా చేరే ట్యూటర్లకి శిక్షణ ఇస్తుంటాను. సూటిగా చెప్పాలంటే: ఏ భాషలో మాట్లాడాలో విద్యార్థికి వదిలేయండి, కాగితం విద్యార్థి ముందే ఉండనివ్వండి, సెంటర్‌కీ మార్కులకీ సంబంధం లేకుండా చేయండి. గ్రామర్‌లో సాయం చేయొచ్చు, చేయాలి కూడా. ఎలా అన్నది కింద చెప్తాను. గోడ మీద పది భాషల్లో స్వాగతం రాయించడానికి నేనేం అడ్డు చెప్పను గానీ, లోపలికొచ్చి కూర్చోగానే ట్యూటర్ "ఓన్లీ ఇంగ్లీష్ ప్లీజ్" అంటే ఆ రంగులన్నీ దండగ.

ముందు ఆ గుమ్మం దగ్గర ఆగిపోయేవాళ్ల సంగతి. నల్గొండలోనో కరీంనగర్‌లోనో డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివిన అమ్మాయి ఎమ్మే సోషియాలజీలో చేరిందనుకోండి. ఇంటర్, డిగ్రీ పాఠ్యపుస్తకాలు తెలుగులో తేవడానికి 1968లో తెలుగు అకాడమీ పెట్టారు, ఆ పుస్తకాలు చదువుకునే ఆమె ఇక్కడిదాకా వచ్చింది. సబ్జెక్టు రాదని కాదు. సామాజిక స్తరీకరణ మీద తెలుగులో పది పేజీలు ఆగకుండా రాసేస్తుంది. ఇక్కడ చదవాల్సినవన్నీ ఇంగ్లీష్‌లో ఉంటాయి. మొదటి అసైన్‌మెంట్ తిరిగొచ్చేసరికి దాని మీద ఎర్ర ఇంకుతో "ఇంప్రూవ్ యువర్ ఇంగ్లీష్" అని ఒక్క ముక్క. ఎక్కడ తప్పుందో, ఏది బాగుపడాలో ఏమీ ఉండదు. దాని కింద "గో టు రైటింగ్ సెంటర్" అని ఇంకో ముక్క. ఇక ఆ గది ఆమెకి అటెండెన్స్ తగ్గినవాళ్లని పిలిపించే ఆఫీసులా కనబడక ఇంకెలా కనబడుతుంది? లోపలికి వెళ్తుంటే క్లాస్‌మేట్స్ చూస్తారేమో అన్నది ఇంకో టెన్షన్.

ఇది వీక్ స్టూడెంట్స్ వెళ్లే చోటు అన్న పేరు మాటలతో పోదు. పీహెచ్‌డీ వాళ్లు సినాప్సిస్ పట్టుకుని, లెక్చరర్లు తమ సొంత పేపర్ డ్రాఫ్ట్ పట్టుకుని అదే బల్ల దగ్గర కూర్చోవడం పిల్లల కళ్లబడాలి. ఫ్యాకల్టీలో ఇద్దరు ముగ్గురు స్నేహితుల్ని బతిమాలి అయినా రప్పించండి. గది ఇంగ్లీష్ డిపార్ట్‌మెంట్ లోపల ఉండకుండా చూసుకోండి, ఎగ్జామినేషన్ బ్రాంచ్ పక్కన అయితే అసలే వద్దు. మీది లైబ్రరీలో ఉందన్నారు, మంచిదే. గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉంటే వీల్‌చైర్‌లో వచ్చేవాళ్లకీ ఇబ్బంది ఉండదు.

ఇంకోటి చెప్తాను, చాలామంది దీన్ని పట్టించుకోరు. ఇంగ్లీష్‌తో పాటు తెలుగులో, ఉర్దూలో రాసేవాళ్లకి కూడా సాయం చేస్తామని బోర్డు మీదే రాయండి. 2023 ఏప్రిల్‌లో యూజీసీ (యూనివర్సిటీలకి నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ), ఇంగ్లీష్ మీడియం కోర్సు అయినా స్థానిక భాషలో పరీక్ష రాసే వీలు కల్పించమని యూనివర్సిటీలని కోరింది. రేపు తెలుగులో సమాధానాలు రాసేవాళ్లకీ పేరా కట్టడం, వాదన నిలబెట్టడం నేర్పాల్సిందే కదా. దీనివల్ల నేను ఊహించని లాభం ఇంకోటి జరిగింది. కాన్వెంట్‌లో చదివి, తెలుగులో వార్తో అనువాదమో ఏదైనా రాయాల్సొచ్చినప్పుడు తడబడే పిల్లలు సాయం కోసం రావడం మొదలుపెట్టారు. వాళ్లకి సాయం చేసింది తెలుగు మీడియం నుంచి వచ్చిన ట్యూటర్లు. ఎవరు నేర్పేవాళ్లు, ఎవరు నేర్చుకునేవాళ్లు అన్న లెక్క ఆ గదిలో ఒక్కసారిగా తారుమారైంది. ఏ పోస్టరూ అంత పని చేయలేదు.

తెలుగులోనో ఉర్దూలోనో మాట్లాడుకుంటే అకడమిక్ ఆలోచన ఎలా వస్తుందని మీ కమిటీలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. వాళ్లకి ఈ ఊరి చరిత్రే చెప్పండి. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూ బోధనా భాషగా మొదలైంది. పుస్తకాల కోసం ప్రత్యేకంగా అనువాద విభాగమే పెట్టుకున్నారు. వైద్యం, ఇంజనీరింగ్ కూడా ఉర్దూలోనే చెప్పారు. ఇప్పటికీ గచ్చిబౌలిలో 1998లో ఏర్పడ్డ మౌలానా ఆజాద్ నేషనల్ ఉర్దూ యూనివర్సిటీ ఉర్దూ మీడియంలోనే నడుస్తోంది. ఇంగ్లీష్ టీచర్ల శిక్షణ కోసం 1958లో పెట్టిన సంస్థ పెరిగి పెద్దదై ఇవాళ్టి ఇఫ్లూ (ఇంగ్లీష్, విదేశీ భాషల యూనివర్సిటీ) అయింది, అదీ ఈ ఊళ్లోనే ఉంది. రెండూ పక్కపక్కనే పెరిగిన ఊరు ఇది. ఒకదాని కోసం ఇంకోదాన్ని బయట పెట్టి రమ్మనడం మనకి నప్పే పద్ధతి కాదు.

సొంత భాషలో మాట్లాడనిస్తే ఏమవుతుందో ఒక ఉదాహరణతో చెప్తాను. ఉట్నూరు వైపు నుంచి వచ్చిన గోండు అబ్బాయి ఒకడు పోడు భూముల మీద అసైన్‌మెంట్ తెచ్చాడు. మొదటి పేరా "ఇండియా ఈజ్ యాన్ అగ్రికల్చరల్ కంట్రీ" అని మొదలైంది. రెండో పేరా ఇంటర్నెట్‌లోది. మూడో పేరాలో 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్లు వరసగా ఎక్కించాడు. మొత్తం మీద అది ఎవరైనా ఎక్కడైనా రాయగలిగే కాగితం. ట్యూటర్ దాన్ని పక్కన పెట్టమని, "నీకు తెలిసిన ఒక్క పొలం గురించి చెప్పు తమ్ముడూ, తెలుగులోనే చెప్పు" అంది.

అబ్బాయి మెల్లగా మొదలుపెట్టాడు. వాళ్ల తాత సాగు చేసిన చేను హద్దులు ఎక్కడిదాకా అంటే ఒక ఇప్పచెట్టు, ఒక రాళ్లగుట్ట, ఒక వాగు చెప్తారట. భూమి మీద హక్కు రావాలంటే 2005 డిసెంబర్ 13 నాటికి అది స్వాధీనంలో ఉండాలని చట్టం అంటుంది. దానికి రుజువుగా కాగితం తెమ్మని ఆఫీసులో అడుగుతారు. ఊళ్లో ఎవరి దగ్గరా కాగితం లేదు. "కానీ మేడమ్, పెద్దోళ్లు చెప్పింది రాసుకున్నా చెల్లుతదని రూల్స్‌లనే ఉన్నది" అన్నాడు. నిజమే. 2008 నాటి నియమాల్లో, దరఖాస్తుదారు కాని ఊరి పెద్దల వాంగ్మూలం రాసి ఇస్తే దాన్ని కూడా సాక్ష్యంగా తీసుకోవచ్చని ఉంది. నియమం ఒప్పుకునే సాక్ష్యాన్ని ఆఫీసు ఎందుకు అడగడం లేదు? అదీ అతని అసలు ప్రశ్న. ఆ ప్రశ్న అతను తెచ్చిన ఇంగ్లీష్ డ్రాఫ్ట్‌లో ఒక్క వాక్యంగా కూడా లేదు. ట్యూటర్ అతను చెప్పింది చెప్పినట్టు తెలుగులో నాలుగు ముక్కలు రాసుకోమంది. తర్వాతి వారం ఆ నాలుగు ముక్కల మీద కట్టిన డ్రాఫ్ట్‌తో వచ్చాడు. ఇంగ్లీష్ తప్పులు అప్పుడూ ఉన్నాయి. కానీ చదివేవాళ్లు ఆగి చదివే కాగితం అది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆ అబ్బాయికి తెలుగు కూడా ఇంటి భాష కాదు. ఇంట్లో గోండీ మాట్లాడతాడు. తెలుగు రాష్ట్రాల్లో "మాతృభాషలో మాట్లాడండి" అంటే తెలుగులో అనే మనకి తోస్తుంది. లంబాడీ తండా నుంచి వచ్చిన అమ్మాయికి, కోయ పిల్లలకి తెలుగు బళ్లో నేర్చుకున్న భాష. మీ ట్యూటర్లలో గోండీ వచ్చినవాళ్లు దొరక్కపోవచ్చు. దొరక్కపోయినా, తెలుగు వాళ్లకి రెండో భాష, ఇంగ్లీష్ మూడోది అని ట్యూటర్‌కి తెలిసుంటే చాలు, ఓపిక దానంతట అదే వస్తుంది.

తెలుగు ఇంటి భాషే అయినవాళ్లకీ ఇంకో గొడవ ఉంది. ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ యాసలో మాట్లాడే పిల్లలకి, ఎదురుగా కూర్చున్న ట్యూటర్ పుస్తకాల తెలుగులో మాట్లాడితే అక్కడ కూడా నోరు పెగలదు. ఇంగ్లీష్‌లోనూ తప్పే, తెలుగులోనూ తప్పేనా అనిపిస్తుంది. "వస్తున్న", "చెప్పిన" అంటే ట్యూటర్ మొహంలో నవ్వు కనబడిందో, ఇక ఆ మనిషి మళ్లీ రాడు. శిక్షణలో నేను దీని మీద చాలాసేపు గడుపుతాను. వెక్కిరించడం సంగతి సరే, "మీ యాస ఎంత బావుందో" అని మెచ్చుకోవడం కూడా వద్దని చెప్తాను. అవతలి మనిషి వచ్చింది అసైన్‌మెంట్ కోసం.

మనిషిని చూసి భాష ఊహించొద్దు. బురఖా వేసుకున్న అమ్మాయి లోపలికి రాగానే మా ట్యూటర్ ఒకతను హిందీలో మొదలుపెట్టాడు. ఆ అమ్మాయిది ఖమ్మం వైపు. "నాకు హిందీ అంత బాగా రాదండీ, తెలుగులో చెప్పండి" అంది. ఇంకోసారి మణిపూర్ అమ్మాయిని ఏ దేశం అని అడిగారు. ఆ అమ్మాయి ఇంగ్లీష్ అడిగినవాడి ఇంగ్లీష్ కన్నా ఎన్నో రెట్లు నయం. ఆమెకి కావాల్సింది థీసిస్ చాప్టర్ మీద ఒక పాఠకుడి అభిప్రాయం. దక్కినీ మాట్లాడే పాతబస్తీ అబ్బాయి రాసే ఉర్దూ వేరు, మాట్లాడే ఉర్దూ వేరు. అడగడమే మార్గం: "మీకు ఏ భాషలో మాట్లాడితే సుఖంగా ఉంటుంది?" ఇంగ్లీష్‌లోనే మాట్లాడతానంటే అదీ సరే. మాట్లాడి ప్రాక్టీస్ చేసుకుందామనే కొందరు వస్తారు. వాళ్లని బలవంతంగా తెలుగులోకి దింపితే అదో రకం అవమానం.

ఈ ప్రశ్న మీ అపాయింట్‌మెంట్ ఫారంలోనే ఉండాలి. ఫారం అన్నాను కాబట్టి చెప్తున్నా, "మీడియం ఆఫ్ స్టడీ" అన్న గడి తీసేయండి. మా దగ్గర ఆ గడి ఖాళీగా వదిలేసేవాళ్లు, లేకపోతే ఇంగ్లీష్ అని అబద్ధం రాసేవాళ్లు. ఇంటర్ పర్సంటేజీ, కేటగిరీ లాంటివి అడగడం ఇంకా దారుణం. "ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్" అన్న రెండు గడుల బదులు "మిమ్మల్ని ఏమని పిలవాలి?" అని ఒక గడి పెట్టండి. మనలో ఇంటిపేరు ముందుంటుంది, కొందరు తమిళ, కేరళ పిల్లలకి ఇంటిపేరే ఉండదు, అఫ్ఘన్ విద్యార్థుల్లో ఒకే పేరుతో పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు ఉన్నారు.

పిలుపు సంగతి కూడా తేల్చుకోండి. తెలుగులో మాట్లాడే ట్యూటర్లు అందరినీ "మీరు" అనాలని మా దగ్గర పద్ధతి. పరిచయం పెరిగాక అక్కా, అన్నా, తమ్ముడూ అనుకుంటే అది వాళ్లిష్టం, ఆ గోండు అబ్బాయి విషయంలో జరిగింది అదే. కానీ మొదటిసారి వచ్చినవాళ్లలో ఒకరిని "మీరు" అని, ఇంకొకరిని "నువ్వు" అంటే ఎవరిని ఏమన్నారో గదిలో ఉన్న అందరికీ వినబడుతుంది. ఏ ఊరు, ఏ ఇంటిపేరు అని వాళ్లు లెక్కలు కడతారు. కట్టేలా చేయకండి.

ఇప్పుడు గ్రామర్. మీరు చదివిన గైడ్లలో ట్యూటర్ పెన్ను ముట్టకూడదు, వాక్యం దిద్దకూడదు, విద్యార్థి చేతే పైకి చదివిస్తే తప్పులు తనకే వినబడతాయి అని ఉండి ఉంటుంది. ఈ పద్ధతులు అమెరికా నుంచి వచ్చాయి. 1970లో న్యూయార్క్ సిటీ యూనివర్సిటీ హైస్కూల్ పాసైనవాళ్లందరికీ తలుపులు తెరిచింది. అలాంటి మార్పుల తర్వాత ఆ దశకంలో అక్కడి కాలేజీల్లో రైటింగ్ సెంటర్లు బాగా పెరిగాయి. 1974లో అక్కడి కాలేజీ రచనా ఉపాధ్యాయుల సంఘం, విద్యార్థికి తన సొంత భాషా రూపం మీద హక్కుంది అని తీర్మానం కూడా చేసింది. మంచి సంప్రదాయమే, మనం నేర్చుకోవాల్సింది చాలా ఉంది. కానీ పైకి చదివితే తప్పు వినబడాలంటే ఆ భాష చిన్నప్పటి నుంచి చెవిలో పడి ఉండాలి. "ఐ వెంట్ టు ఫీల్డ్ అండ్ కలెక్టెడ్ డేటా ఫ్రమ్ ద విలేజర్స్" అని మన అబ్బాయి పైకి ఎన్నిసార్లు చదివినా, "ఫీల్డ్" ముందు "ద" లేదని చెవి చెప్పదు. మన భాషలో ఆ ముక్కే లేదు. ఉర్దూలోనూ లేదు. అలాంటి పిల్లాణ్ణి కూర్చోబెట్టి "ఇక్కడేమైనా తేడాగా అనిపిస్తోందా?" అని ఆరుసార్లు అడగడం బోధన కాదు, వేధింపు. తెలియనిది చెప్పాలి.

అలాగని కాగితం లాక్కుని ఎర్రగా నింపేయడం కూడా వద్దు. నేను ట్యూటర్లకి చెప్పేది ఇది. ముందు విద్యార్థిని అడగండి, ఇవాళ ఏం చూద్దాం అని. "గ్రామర్ మేడమ్" అనే అంటారు, పదిలో తొమ్మిది మంది. సరే అనండి. కానీ ఒకసారి చివరిదాకా చదవండి, పెన్ను లేకుండా. అర్థం కాని చోటు ఉంటే ముందు అక్కడికి వెళ్లండి. అర్థమే తేలని వాక్యంలో ఆర్టికల్స్ ("ఎ", "ద" లాంటివి) దిద్దితే ఏం లాభం? ఆ తర్వాత తప్పులన్నీ పట్టుకోకుండా, పదేపదే వస్తున్నవి రెండు రకాలు ఎంచుకోండి. ఒక పేరా ఇద్దరూ కలిసి చేయండి, ఎందుకో చెప్తూ. తర్వాతి పేరా తనే చేయాలి, మీరు చూస్తుండాలి. మిగతాది ఇంటి దగ్గర చేసుకుని మళ్లీ రమ్మనండి. పెన్సిల్ ఎప్పుడూ విద్యార్థి చేతిలోనే ఉండాలి. బల్లకి ఎదురెదురుగా కాకుండా పక్కపక్కన కూర్చుంటే ఇది సులువు.

ఏ రెండు రకాలు అన్నది భాషని బట్టి మారుతుంది. తెలుగు, ఉర్దూ వాళ్లు ఆర్టికల్స్ వదిలేస్తుంటారు. అరబిక్ వాళ్లకి "ద"కి సమానమైనది ఉంది, "ఎ"కి లేదు, కాబట్టి అక్కర్లేని చోట "ద" పెట్టి, కావాల్సిన చోట "ఎ" మానేస్తారు. అరబిక్ వాక్యంలో వర్తమానంలో "ఈజ్" లాంటి క్రియ అక్కర్లేదు, తెలుగులోనూ "ఇది మా ఊరు" అంటే చాలు. కాబట్టి ఇద్దరూ "ఈజ్" మింగేయొచ్చు. ఇది తెలిస్తే ట్యూటర్‌కి తప్పులో నిర్లక్ష్యం కనబడదు, ఒక పద్ధతి కనబడుతుంది. "మీ భాషలో ఇలా ఉంటుంది కదా, ఇంగ్లీష్‌లో ఇలా చేస్తారు" అన్నప్పుడు విద్యార్థి భుజాలు కిందికి దిగడం మీరే చూస్తారు. అయితే ఇదంతా ఊతంగానే వాడండి. అరబ్బులు ఇలాగే రాస్తారు, తెలుగువాళ్లు ఇలాగే రాస్తారు అని ముద్ర వేసేస్తే మళ్లీ మొదటికొచ్చినట్టే.

టైమ్ కూడా ఎక్కువ ఇవ్వాలి. అరగంట స్లాట్ సరిపోదు. రెండు భాషల మధ్య తిరుగుతూ మాట్లాడేవాళ్లకి ముప్పావు గంటైనా పడుతుంది.

కాపీ గురించి మీరు అడగలేదు గానీ, మొదటి సెమిస్టర్ అయ్యేలోపు అది మీ బల్ల మీదికి వస్తుంది. పదో తరగతి నుంచి డిగ్రీ దాకా మన పరీక్షలు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు దించినవాడికే మార్కులు వేశాయి. అన్నేళ్లు మెచ్చుకున్న పనినే పీజీలో చేరగానే దొంగతనం అంటాం. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం థీసిస్‌లో ఇతరుల రాతలతో పోలిక 10 శాతం లోపైతే శిక్ష లేదు, 10 నుంచి 40 దాకా ఉంటే దిద్దుకుని మళ్లీ ఇవ్వాలి, 40 నుంచి 60 అయితే ఏడాది దాకా సవరించిన ప్రతి ఇవ్వనివ్వరు, 60 దాటితే రిజిస్ట్రేషనే పోతుంది. పిల్లలకి ఈ అంకెలు నోటికొచ్చు. ఒక వాక్యాన్ని సొంత మాటల్లోకి ఎలా తెచ్చుకోవాలో మాత్రం ఎవరూ చూపించలేదు. పుస్తకం మూసేసి, ఆ పేరాలో ఏముందో తెలుగులోనో ఉర్దూలోనో పక్కవాళ్లకి చెప్పమనండి. చెప్పింది ఇంగ్లీష్‌లోకి రాయమనండి. తర్వాత పుస్తకం తెరిచి పోల్చుకోమనండి, మూలం ఎక్కడిదో రాయమనండి. సొంత భాష మధ్యలో రావడం వల్ల పుస్తకం మాటలు అంటుకోవు. నాకు తెలిసి ఇంతకన్నా మంచి కసరత్తు లేదు.

చాట్‌జీపీటీతో రాయించుకొచ్చిన కాగితాలూ వస్తాయి. చూడగానే తెలిసిపోతుంది, అయినా పోలీసు పని మీది కాదు. "ఈ వాక్యానికి అర్థం ఏంటో నాకు చెప్పండి" అని అడగండి చాలు. చెప్పగలిగితే ముందుకు వెళ్లండి, చెప్పలేకపోతే అక్కడి నుంచి మొదలుపెట్టండి. డిటెక్టర్ సాఫ్ట్‌వేర్ రిపోర్ట్ చూసి ఎవరినీ నిందించకండి. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు కొన్ని డిటెక్టర్లకి, ఇంగ్లీష్ మాతృభాష కానివాళ్లు టోఫెల్ అనే ఇంగ్లీష్ పరీక్ష కోసం రాసిన వ్యాసాలు ఇచ్చి చూశారు. సగటున సగానికి పైగా వ్యాసాలు యంత్రం రాసినవని అవి తేల్చాయి. అవన్నీ మనుషులు రాసినవే.

విదేశీ విద్యార్థుల దగ్గర చాలా యూనివర్సిటీలు చేసే పొరపాటు ఓరియెంటేషన్. మొదటి వారంలో రైటింగ్ సెంటర్ గురించి ఇరవై స్లైడ్లు చూపిస్తారు. ఆ వారం వాళ్ల బుర్రలో ఉండేది ఇల్లు దొరకడం, బ్యాంక్ అకౌంట్, ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓలో (విదేశీయుల పేర్లు నమోదు చేసే ఆఫీసు) రిజిస్ట్రేషన్. ఆరు నెలలకు మించిన వీసా ఉన్నవాళ్లు దిగిన 14 రోజుల్లో ఆ రిజిస్ట్రేషన్ చేసుకోవాలి. మీ స్లైడ్లు ఎవరికి గుర్తుంటాయి? రెండో నెలలో, మొదటి అసైన్‌మెంట్ ఇచ్చే వారంలో వెళ్లండి. వాళ్లలో కొందరు స్వదేశంలో ఉద్యోగం చేసి, పెళ్లాం పిల్లల్ని వదిలి వచ్చినవాళ్లు. ఇరవై రెండేళ్ల ట్యూటర్ వాళ్లతో చిన్నపిల్లలతో మాట్లాడినట్టు మెల్లగా, గట్టిగా అరిచి మాట్లాడటం నేను చూశాను. ఇంగ్లీష్ తక్కువైతే వయసూ తెలివీ తక్కువైనట్టు కాదు, దీన్ని శిక్షణలో విడమరిచి చెప్పాల్సి రావడమే విచారం. ప్రతి సెషన్‌లో "మీ దేశంలో ఎలా?" అని అడగడమూ తగ్గించండి. సూడాన్ నుంచి వచ్చినవాళ్లకి ఆ ప్రశ్న ఎంత బరువైందో ఊహించుకోండి.

ట్యూటర్లని ఎలా ఎంచుకుంటున్నారు? ఎమ్మే ఇంగ్లీష్ టాపర్లనే తీసుకుంటుంటే, సగం జబ్బు అక్కడే ఉంది. తెలుగు మీడియం నుంచి వచ్చి ఇప్పుడు ఎంఫార్మసీలోనో హిస్టరీలోనో బాగా రాస్తున్నవాళ్లని వెతకండి. వాళ్లకి ఎక్కడ కాలు జారుతుందో తెలుసు, ఎలా లేచారో గుర్తుంది. ఉర్దూ చదవడం రాయడం వచ్చినవాళ్లు ఒకరు, హిందీ వచ్చినవాళ్లు ఒకరు ఉండాలి. అమ్మాయిలు కొందరు మహిళా ట్యూటరే కావాలంటారు, కారణం అడక్కుండా ఇవ్వండి. వీళ్లందరికీ డబ్బులివ్వండి, సర్టిఫికెట్‌తో సరిపెట్టకండి. పేద పిల్లల్ని, బయట ట్యూషన్ చెప్పుకుంటే వచ్చే ఆదాయం వదులుకుని ఇక్కడ ఊరికే కూర్చోమంటే, చివరికి డబ్బున్నవాళ్ల పిల్లలే ట్యూటర్లుగా మిగులుతారు.

మీ సహోద్యోగులతో కొంచెం గట్టిగా ఉండాలి. ఫలానా అబ్బాయి వచ్చాడా, ఏం చేశాడు అని ఫోన్ చేస్తారు. విద్యార్థి అనుమతి లేకుండా ఎవరు వచ్చారో ఎవరికీ చెప్పం అని ముందే సర్క్యులర్ ఇప్పించండి. సెంటర్‌కి వెళ్తే రెండు మార్కులు అనే ఆఫర్లు కూడా వద్దు. వచ్చి సంతకం పెట్టి పోతారు, నిజంగా అవసరమున్నవాడికి స్లాట్ దొరకదు. సహోద్యోగులకి మీరు చేయగలిగిన మేలు ఒకటుంది. అసైన్‌మెంట్ ప్రశ్నపత్రాలు ఇమ్మని అడిగి చదవండి. "క్రిటికల్లీ ఎగ్జామిన్" అంటే ఏం చేయాలో సగం మంది పిల్లలకి తెలియదు, వాళ్లు సారాంశం రాసి పెడతారు. ప్రశ్న కింద రెండు వాక్యాల్లో ఏం ఆశిస్తున్నారో రాయమని లెక్చరర్‌ని ఒప్పిస్తే, సెంటర్‌కి రావాల్సినవాళ్లే సగం తగ్గుతారు.

వేళలు చిన్న విషయంలా కనబడతాయి గానీ, కాదు. సాయంత్రం 4 నుంచి 6 అని పెడితే హాస్టల్ వాళ్లే వస్తారు. ఇబ్రహీంపట్నం, సంగారెడ్డి నుంచి ఆర్టీసీ బస్సులో వచ్చిపోయే పిల్లలు అప్పటికి బస్టాప్‌లో ఉంటారు. మధ్యాహ్నం కొన్ని స్లాట్లు ఉంచండి, శుక్రవారం నమాజ్ వేళ తప్పించి. రంజాన్‌లో సాయంత్రం స్లాట్లు పొద్దుటికి మార్చండి. కెస్లాపూర్ నాగోబా జాతరకి, మేడారానికి పిల్లలు వెళ్తారు, గడువు ఆ వారమే పడితే లెక్చరర్‌తో మీరు మాట్లాడి పెట్టొచ్చు.

అన్నీ ఈ సెమిస్టర్‌లోనే పెట్టుకోకండి, మీ దగ్గర ఉన్నది ఒక గది, కొద్దిమంది ట్యూటర్లు. మొదట ఫారం మార్చండి, భాషల సంగతి బోర్డు మీద రాయండి, తెలుగు మీడియం నుంచి వచ్చిన ట్యూటర్లని ఇద్దరిని తీసుకోండి. రిజిస్టర్‌లో మొత్తం ఎంతమంది వచ్చారన్న లెక్క పైవాళ్లకి పంపడానికి ఉంచుకోండి. మీ కోసం మాత్రం ఒకసారి వచ్చి రెండోసారి కూడా ఎవరు వచ్చారో చూసుకోండి. ఏ ట్యూటర్ దగ్గరికి జనం తిరిగి వస్తున్నారో తెలిస్తే, మిగతా ట్యూటర్లని ఆ సెషన్‌లో పక్కన కూర్చోబెట్టి చూడమనొచ్చు. మీ ఫారంలో ఇప్పుడు ఏమేం అడుగుతున్నారో ఇక్కడ పెడితే, ఏవి తీసేయాలో చూసి చెప్తాను.